.380 పిస్టల్‌లో ఇంటి రక్షణకు ఏ రౌండ్ (తూటా) పెట్టుకోవాలి?

అడిగినాయన రాసింది క్లుప్తంగా ఇదీ. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటారు, గ్రీన్ కార్డ్ వచ్చింది. వాళ్ల వీధిలో దొంగలు పడ్డాక స్మిత్ అండ్ వెసన్ వాళ్ల షీల్డ్ ఈజీ .380 కొన్నారు. 9 ఎమ్ఎమ్ పిస్టల్ స్లైడ్ (పైన వెనక్కి లాగే భాగం) లాగడానికి ఆయన భార్యకు మణికట్టు నొప్పి అడ్డం వచ్చింది, అందుకని .380. షాపులో అబ్బాయి ‘హాలో పాయింట్ (మూతిలో గుంట ఉండి, ఒంట్లో దిగాక విచ్చుకునేది) తీసుకోండి, అది గోడ దాటదు’ అన్నాడట. ఆఫీసు స్నేహితుడేమో ‘చిన్న క్యాలిబర్‌కి (తూటా సైజుకి) హాలో పాయింట్ దండగ, మామూలు బాల్ రౌండే వేసుకో’ అన్నాడట. పక్క గదిలో పిల్లలు పడుకుంటారు. రెండు నెలల్లో గుంటూరు నుంచి అత్తమామలు కూడా వస్తున్నారు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి?

మీ పిస్టల్‌కి నా సమాధానం: 90 గ్రెయిన్ల హార్నడీ ఎక్స్‌టీపీ బుల్లెట్ ఉన్న హాలో పాయింట్ రౌండ్. మీ ఇద్దరి చేతుల్లోనూ ఒక్కసారి కూడా ఇరుక్కోకుండా పేలితే అదే ఉంచుకోండి. ఇరుక్కుంటే మొహమాటపడకుండా మూతి చదునుగా ఉండే ఎఫ్ఎమ్‌జెకి, అంటే గుంట లేని బాల్ రకానికి, మారిపోండి. స్నేహితుడు చెప్పింది సగం నిజం. షాపు అబ్బాయి గోడ గురించి చెప్పింది మాత్రం అసలు నిజం కాదు, పిల్లలున్న ఇంట్లో అలా నమ్మడం ప్రమాదం కూడా.

నేను డాలస్ ప్రాంతంలో వారాంతాల్లో హ్యాండ్‌గన్ క్లాసులు చెప్తాను, రేంజ్‌లో సేఫ్టీ ఆఫీసర్‌గా నిలబడతాను. తూటాలు అమ్మే వ్యాపారం నాకు లేదు. కాబట్టి కింద కంపెనీల పేర్లు చెప్పినా దాని వల్ల నాకొచ్చేదేం లేదు.

అసలు విషయంలోకి వెళ్లేముందు, ఇది చదివే మిగతా మనవాళ్లకి ఒక మాట. అడిగినాయనకి గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి సరిపోయింది. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, బీ-2 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఒక్క తూటా ఉన్నా అంతే. హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకి ఉన్నట్టు కొన్ని మినహాయింపులు ఉన్నాయి, కానీ వాటి మీద ఆధారపడేముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. శిక్ష 15 ఏళ్ల దాకా ఉండొచ్చు. తుపాకీ కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయడానికి కూడా అది కారణం అవుతుంది. ‘టెక్సస్‌లో అందరి దగ్గరా ఉంటాయి కదా’ అని క్లాసులో అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అందరూ ఒకే స్టేటస్ మీద లేరు, అదీ సమాధానం.

ఇక రౌండ్ సంగతి. పెట్టె మీద రాసింది అర్థమైతే సగం పని అయినట్టే. ‘90 జీఆర్’ అని ఉంటే లోపలున్న మందు బరువని చాలామంది అనుకుంటారు. అది బుల్లెట్ బరువు. ఒక పౌండుకి 7000 గ్రెయిన్లు, అంటే 90 గ్రెయిన్ల బుల్లెట్ ఆరు గ్రాములు కూడా తూగదు. ‘జేహెచ్‌పీ’ అంటే మూతిలో గుంట ఉన్న హాలో పాయింట్. ‘ఎఫ్ఎమ్‌జె’ అంటే సీసం మీద పూర్తిగా రాగి తొడుగు ఉన్నది. స్నేహితుడు బాల్ అన్నది దీన్నే. .380 పెట్టె మీద ‘ప్లస్ పి’ అని కనిపిస్తే పక్కన పెట్టేయండి. 9 ఎమ్ఎమ్‌కి, .38 స్పెషల్‌కి అలాంటి ఎక్కువ ప్రెషర్ ప్రమాణం అధికారికంగా ఉంది, .380కి లేదు. ఆ పేరుతో అమ్మేది ఆ కంపెనీ సొంత లెక్క.

.380ని జాన్ బ్రౌనింగ్ రూపొందిస్తే 1908లో కోల్ట్ కంపెనీ జేబు పిస్టల్‌తో పాటు మార్కెట్‌లోకి తెచ్చింది. దాని బుల్లెట్ అడ్డకొలత 9 ఎమ్ఎమ్‌దే, రెండూ .355 అంగుళాలు. తేడా దాన్ని వెనక నుంచి తోసే బలంలో ఉంది. 9 ఎమ్ఎమ్ 115 నుంచి 147 గ్రెయిన్ల బుల్లెట్‌ని గట్టిగా తోస్తుంది. .380 తోసేది 90 నుంచి 100 గ్రెయిన్లు, అదీ సెకనుకి 900, 1000 అడుగుల వేగంతో. శక్తి లెక్కేస్తే .380కి సుమారు 200 ఫుట్-పౌండ్లు, 9 ఎమ్ఎమ్‌కి 350 చుట్టుపక్కల.

చిన్న క్యాలిబర్ చిక్కంతా ఇక్కడే ఉంది. ఉన్న శక్తి తక్కువ. హాలో పాయింట్ ఒంట్లోకి దిగి విచ్చుకున్నప్పుడు ఆ శక్తిలో కొంత విచ్చుకోవడానికి పోతుంది, వెడల్పైన మూతి ముందుకు వెళ్లకుండా తనే బ్రేక్ వేస్తుంది. 9 ఎమ్ఎమ్‌కి ఆ రెండూ భరించే స్తోమత ఉంది. .380కి అంత లేదు. బాగా విచ్చుకుంటే లోతు పోతుంది, లోతు వెళ్తే విచ్చుకోదు. మధ్యలో ఇరుకు సందు ఒకటి ఉంది, దాంట్లో పట్టే రౌండ్లు కొన్నే.

లోతు ఎందుకంత ముఖ్యం అంటే, 1986 ఏప్రిల్ 11న మయామీలో ఎఫ్‌బీఐ ఏజెంట్లకీ ఇద్దరు బ్యాంకు దోపిడీదారులకీ మధ్య కాల్పులు జరిగాయి. మొదట్లోనే ఒక దుండగుడికి 9 ఎమ్ఎమ్ హాలో పాయింట్ తగిలింది. అది చెయ్యి దాటి ఛాతీలోకి వెళ్లి, గుండెకి చేరేలోపే ఆగిపోయింది. ఆ దెబ్బ ప్రాణాంతకమే, కానీ అతను వెంటనే పడిపోలేదు. ఆ తర్వాత కూడా కాల్పులు సాగించాడు, ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు. ఆ ఘటన తర్వాతే ఎఫ్‌బీఐ తన పరీక్ష పద్ధతి రూపొందించుకుంది. 10 శాతం జెలటిన్ దిమ్మలోకి కాలిస్తే బుల్లెట్ 12 అంగుళాలకి తగ్గకుండా, 18కి మించకుండా వెళ్లాలి. 12 అంగుళాలా, మనిషి ఛాతీ అంత మందం ఉంటుందా అని అడుగుతారు. ఎదుటివాడు మీకు ఎదురుగా, చేతులు కిందికి దించి నిలబడి ఉంటే అంత అక్కర్లేదు. చేతులు ముందుకు చాపి, పక్కకి తిరిగి, లావు జాకెట్ వేసుకుని ఉంటే కావాలి.

ఈ కొలత పట్టుకుని చూస్తే .380 హాలో పాయింట్లు రెండు రకాలుగా ఫెయిలవుతాయి. ఒకటి, తేలికైన బుల్లెట్ వేగంగా వెళ్లి పువ్వులా విచ్చుకుని ఏడెనిమిది అంగుళాల దగ్గరే ఆగిపోవడం. రెండోది, మూతి గుంటలో బట్ట ఇరుక్కుని అసలు విచ్చుకోకపోవడం. రెండోది జరిగితే అది మామూలు బాల్ రౌండ్ అయిపోతుంది, ముందుకు దూసుకుపోతుంది. మొదటిది జరిగితే మీకు అవసరమైన చోటికే చేరదు. అందుకే కంపెనీ వాళ్లు ప్రకటనల్లో చూపించే అందంగా విచ్చుకున్న రాగి రేకుల ఫొటో చూసి రౌండ్ ఎంచుకోవద్దంటాను. ఆ ఫొటో ఎంత బాగుంటే .380లో నాకంత అనుమానం.

ఎక్స్‌టీపీ బుల్లెట్ చూడ్డానికి ఏమీ ఉండదు. కొంచెమే విచ్చుకుంటుంది, నిదానంగా విచ్చుకుంటుంది, దాంతో .380లో కూడా 12 అంగుళాల చుట్టుపక్కలకి చేరుతుంది. హార్నడీ దాన్ని కస్టమ్, అమెరికన్ గన్నర్ పేర్లతో అమ్ముతుంది. వేరే కంపెనీలు కూడా అదే బుల్లెట్ కొని తమ రౌండ్లలో వాడతాయి. కాబట్టి పెట్టె మీద కంపెనీ పేరు కన్నా ‘90 జీఆర్ ఎక్స్‌టీపీ’ అన్న మాట వెతకండి. అది దొరక్కపోతే ఫెడరల్ వాళ్ల హైడ్రా-షాక్ డీప్ చూడండి. 99 గ్రెయిన్లు, ఈ లోతు సమస్య కోసమే బరువు పెంచి చేసింది. షాపుల్లో ఎక్కువగా కనిపించేది ఎర్రటి ప్లాస్టిక్ మూతి ఉన్న క్రిటికల్ డిఫెన్స్. గుంటలో బట్ట ఇరుక్కోకుండా ఆ ప్లాస్టిక్ అడ్డుపడుతుంది, ఆలోచన మంచిదే. కానీ లోతులో అంచు మీద ఉంటుంది. మీ దగ్గర ఇప్పటికే ఒక పెట్టె ఉంటే పారేయక్కర్లేదు, కొత్తగా కొనేటప్పుడు మాత్రం నా మొదటి ఎంపిక అది కాదు.

మీకు కలిసొచ్చేది ఒకటుంది. షీల్డ్ ఈజీ బ్యారెల్ 3.675 అంగుళాలు. .380 కొనేవాళ్లలో ఎక్కువమంది తీసుకునే జేబు పిస్టళ్ల బ్యారెల్ రెండు ముప్పావు అంగుళాలే. ఆ అంగుళం తేడాతో వేగం కొంచెం పెరుగుతుంది, బుల్లెట్ నమ్మకంగా పనిచేస్తుంది. కాబట్టి ఎవరైనా ‘నా .380లో ఫలానా రౌండ్ విచ్చుకోలేదు’ అని వీడియో పెడితే ముందు అది ఏ పిస్టలో చూడండి.

ఇక మీ స్నేహితుడి మాట. .380 కన్నా కిందకి వెళ్తే ఆయన చెప్పింది దాదాపు పూర్తిగా నిజం. .32 ఏసీపీ, .25 ఏసీపీ, .22 ఈ మూడింటికీ విచ్చుకోవడానికి ఖర్చుపెట్టేంత శక్తి లేదు. అవి ఉన్నవాళ్లు ఎఫ్ఎమ్‌జె గానీ, .22 అయితే 40 గ్రెయిన్ల గట్టి బుల్లెట్ గానీ వాడుకోవడం మేలు. .32 ఏసీపీలో ఇంకో గొడవ ఉంది. దాని కేస్ (మందు ఉండే లోహపు గొట్టం) అడుగున అంచు కొంచెం బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. హాలో పాయింట్ రౌండ్ పొడవు తక్కువ కావడంతో మ్యాగజీన్‌లో (పిడిలో రౌండ్లు పట్టే డబ్బాలో) ముందుకీ వెనక్కీ జరుగుతుంది. అలా జరిగి పై రౌండ్ అంచు కింది రౌండ్ అంచు వెనక్కి వెళ్లి లాక్ అయిందంటే చేత్తో విడదీయడం కూడా కష్టమే. బాల్ రౌండ్ పొడవుగా ఉంటుంది కాబట్టి ఆ జరగడానికి చోటు ఉండదు.

.22 సంగతి వేరు. దాంట్లో ప్రైమర్ మందు (పిన్ కొట్టగానే ముందుగా అంటుకునేది) కేస్ అడుగు అంచు చుట్టూ పూసి ఉంటుంది, ఎక్కడైనా పూత పలచబడితే పిన్ కొట్టినా పేలదు. రివాల్వర్ అయితే ఇంకోసారి ట్రిగ్గర్ నొక్కితే తర్వాతి రౌండ్ వస్తుంది. పిస్టల్ అయితే స్లైడ్ లాగాలి, భయంలో అది గుర్తుకు రావాలి. ఇంట్లో పెద్దావిడకి .22 ఒక్కటే పట్టుకోవడానికి వీలుగా ఉంటే రివాల్వర్ తీసుకోండి అని చెప్పేది అందుకే. వద్దని మాత్రం అనను. వణుకుతూ వదిలిన 9 ఎమ్ఎమ్ కన్నా గురిగా తగిలిన .22 నయం.

ఇప్పుడు గోడ. మనం ఊళ్లో ఇటుక గోడల మధ్య పెరిగాం. తొమ్మిదంగుళాల గోడకి మేకు కొట్టడానికే చెమటలు పట్టేవి. ఆ అలవాటుతో గోడ అంటే ఆగుతుందని మనసులో ఉండిపోయింది. ఫ్రిస్కోలో మీ పడకగదికీ పిల్లల గదికీ మధ్య ఉన్నది అర అంగుళం జిప్సం పలకలు రెండు, మధ్యలో పదహారు అంగుళాలకొక చెక్క, మిగతాదంతా గాలి. మనిషిని ఆపగలిగిన ఏ హ్యాండ్‌గన్ బుల్లెట్ అయినా దాన్ని దాటుతుంది. దాటి తర్వాతి గోడ కూడా దాటొచ్చు.

హాలో పాయింట్ అయితే ఆగుతుందని ఎందుకు అనుకుంటారంటే, గోడ తగలగానే విచ్చుకుంటుందని. చాలాసార్లు జరిగేది దానికి ఎదురు. క్లాసులో చూపించడానికి రెండు జిప్సం పలకల వెనక నీళ్లు నింపిన జగ్గులు వరసగా పెట్టి ఎక్స్‌టీపీ కాలుస్తుంటాను. జగ్గులోంచి తీసిన బుల్లెట్ అరచేతిలో పెట్టుకుని చూస్తే మూతి గుంట నిండా తెల్లటి జిప్సం పిండి గట్టిగా కూరుకుని ఉంటుంది. అంచు గుండ్రంగా అలాగే ఉంటుంది, ఒక్క రేకు కూడా విప్పుకోదు. పక్కల మీద బ్యారెల్ గాట్లు తప్ప కొత్తదానికీ దానికీ తేడా కనపడదు. అలా గుంట పూడుకుపోయిన హాలో పాయింట్ బాల్ రౌండ్‌తో సమానం. ఆ జగ్గు చూశాక క్లాసులో తల్లిదండ్రులు కాసేపు మాట్లాడరు.

గోడ తగలగానే పొడి అయిపోయే రౌండ్లు కూడా అమ్ముతారు. .380లో అవి ఒంట్లో కూడా పైపైనే ఆగుతాయి, రేటు చూస్తే కళ్లు తిరుగుతాయి. వాటి జోలికి వెళ్లకండి.

కాబట్టి గోడ సమస్యకి జవాబు తూటాలో లేదు, మీ ఇంటి ప్లాన్‌లో ఉంది. పిస్టల్ లేకుండా, ఖాళీ చేత్తో, పడకగదిలో మీరు నిలబడే చోట నిలబడి తలుపు వైపు వేలు చూపించండి. ఆ గీత గోడ అవతల ఎవరి మంచం మీదుగా పోతోంది? పిల్లలదో అత్తమామలదో అయితే మీరు నిలబడే మూల మార్చండి. టెక్సస్ ఇళ్లకి బయటి గోడ చాలావరకు ఇటుక ముఖం ఉన్నది. గీత ఆ వైపుకి పోయే మూల వెతుక్కోండి. అదీ కుదరకపోతే మంచాలు మార్చండి. చప్పుడు వినపడితే అందరూ ఒకే గదిలోకి వచ్చి, తలుపు గడియ పెట్టి, 911కి ఫోన్ చేసి, అక్కడే ఉండటం మంచి పద్ధతి. ఇల్లంతా వెతుక్కుంటూ తిరగడం సినిమాలో బాగుంటుంది. రాత్రి బాత్‌రూమ్‌కి లేచింది మామగారా, దొంగా అన్నది చీకట్లో తేల్చుకోవాల్సిన పరిస్థితి తెచ్చుకోవద్దు. పిస్టల్ పక్కనే ఒక మంచి టార్చ్ తప్పనిసరి.

చట్టం కూడా ఇక్కడ గట్టిగానే ఉంది. టెక్సస్‌లో ఇంట్లోకి చొరబడినవాడి మీద కాల్చడం కొన్ని పరిస్థితుల్లో సమర్థనీయమే. కానీ ఆ కాల్పుల్లో నిర్లక్ష్యంగా ఏ సంబంధం లేని మూడో మనిషికి దెబ్బ తగిలితే, ఆ మనిషి విషయంలో ఆ సమర్థన మీకు పనికిరాదని పీనల్ కోడ్ 9.05 సెక్షన్ చెప్తుంది. పక్కింటాయన ఆ మూడో మనిషే.

రౌండ్ కొన్నాక మీ పిస్టల్‌లో పరీక్షించాలి. ఈ పని చాలామంది ఎగ్గొడతారు, ఎందుకంటే ఈ రౌండ్లు ఇరవై, పాతిక పెట్టెల్లో వస్తాయి, ఒక్కోటి డాలరు పైనే. అయినా కనీసం రెండు పెట్టెలు కాల్చేయండి. సగం మీరు, సగం మీ భార్య. మ్యాగజీన్‌లో ఎనిమిదీ నింపి మొదలుపెట్టాలి, ఎందుకంటే స్ప్రింగ్ బాగా బిగుసుకున్నప్పుడే మొదటి రౌండ్ ఇబ్బంది పెడుతుంది. ఒక మ్యాగజీన్ ఆవిడ ఒంటిచేత్తో కూడా కాల్చాలి. షీల్డ్ ఈజీకి పిడి వెనక గ్రిప్ సేఫ్టీ ఉంది, అరచేతితో అది పూర్తిగా నొక్కుకుంటేనే పేలుతుంది. మణికట్టు నొప్పి ఉన్నావిడ పట్టు కొంచెం సడలితే పిస్టల్ మౌనంగా ఉండిపోతుంది, లోపల రౌండ్ తప్పేం లేకపోయినా. ఆ పట్టు ఎలా ఉండాలో రేంజ్‌లోనే తేలాలి. మణికట్టు వదులుగా ఉంటే స్లైడ్ పూర్తిగా వెనక్కి పోక ఖాళీ కేస్ ఇరుక్కోవడం కూడా జరుగుతుంది. అది కూడా తూటా తప్పు కాదు.

నా దగ్గరికి కీళ్లనొప్పులున్న ఒకావిడ వచ్చేవారు. ఆవిడ .380లో ఒక కంపెనీ హాలో పాయింట్ మూతి మరీ వెడల్పుగా ఉండి, ఛాంబర్‌లోకి (రౌండ్ కూర్చుని పేలే చోటికి) ఎక్కే వాలు దగ్గర ముక్కు పొడుచుకుని ఆగిపోయేది. ప్రతి మ్యాగజీన్‌లోనూ కాదు, అప్పుడప్పుడు. అప్పుడప్పుడు ఇరుక్కోవడమే దారుణం, ఎందుకంటే బాగానే ఉంది కదా అని సరిపెట్టుకుంటాం. పిస్టల్ శుభ్రం చేశాం, మ్యాగజీన్ మార్చాం, తగ్గలేదు. మూతి ఇంకొంచెం గుండ్రంగా ఉన్న ఎక్స్‌టీపీ పెడితే పోయింది. అదే కనక పోకపోతే నేను ఆవిడకి ఎఫ్ఎమ్‌జె పెట్టించేవాణ్ని. పేలని మంచి రౌండ్ కన్నా పేలే మామూలు రౌండ్ మంచిది. రెండు పెట్టెల్లో ఒక్కటి ఇరుక్కున్నా కారణం తెలిసేదాకా ఆ రౌండ్‌ని ఇంట్లో పెట్టుకోవద్దు.

ప్రాక్టీసుకి మాత్రం చవక ఎఫ్ఎమ్‌జె చాలు. 95 గ్రెయిన్లవి కొంటే చేతికి తన్నే తీరు దాదాపు ఒకేలా ఉంటుంది.

దాచిపెట్టడం గురించి. పొడిగా, ఇంట్లో ఏసీ ఉన్నచోట ఉంచితే రౌండ్లు ఏళ్లతరబడి పాడవవు. గరాజ్‌లో టెక్సస్ ఎండకి వదిలేయకండి. పిస్టల్‌కి నూనె ఎక్కువ పట్టించి రౌండ్లు అందులోనే పెడితే నూనె ప్రైమర్‌లోకి దిగి ఒకరోజు ‘టిక్’ అని మాత్రమే అంటుంది. ఇంకోటి, పిల్లలున్నారని కొంతమంది రోజూ పొద్దున ఛాంబర్‌లోంచి రౌండ్ తీసి, రాత్రికి మళ్లీ అదే రౌండ్ ఎక్కిస్తారు. ఎక్కించిన ప్రతిసారీ బుల్లెట్ మూతి వాలుకి కొట్టుకుని కేస్‌లోకి కొంచెం కొంచెం కుంగుతుంది. బల్ల మీద కొత్త రౌండ్ పక్కన నిలబెట్టి చూడండి, పొట్టిగా కనిపిస్తే దాన్ని కాల్చకుండా పక్కన పెట్టండి. లోపల ఖాళీ తగ్గి ప్రెషర్ బాగా పెరుగుతుంది. అసలు ఆ రోజువారీ తీసి పెట్టడమే మానేసి, పిస్టల్‌ని త్వరగా తెరుచుకునే చిన్న సేఫ్‌లో పెట్టడం మేలు.

టెక్సస్‌లో 17 ఏళ్లలోపు పిల్లల చేతికి లోడ్ చేసిన తుపాకీ అందేలా వదిలేస్తే అదే ఒక నేరం, వాళ్లు దాన్ని కాల్చి ఎవరికైనా ప్రాణాపాయం జరిగితే శిక్ష పెరుగుతుంది. మీ అత్తమామలు బీ-2 మీద వస్తున్నారు కాబట్టి పైన చెప్పిన వీసా నిబంధన వాళ్లకీ వర్తిస్తుంది. సేఫ్ కోడ్ వాళ్లకి చెప్పకండి. మామగారు ముచ్చటపడినా రేంజ్‌కి తీసుకెళ్లి చేతికివ్వకండి. ‘పగలు మీరు ఆఫీసుకెళ్తారు కదా, మాకు భయం’ అంటే తలుపులకి మంచి తాళాలు, కెమెరా పెట్టించండి, 911కి ఎలా ఫోన్ చేయాలో చూపించండి.

న్యూజెర్సీ నుంచి ఇది చదువుతున్న వాళ్లు ఎడిసన్ వైపు చాలామందే ఉంటారు. అక్కడ హాలో పాయింట్ మీద వేరే చట్టం ఉంది. ఇంట్లో ఉంచుకోవచ్చు, షాపు నుంచి ఇంటికి తెచ్చుకోవచ్చు. కానీ పిస్టల్‌లో పెట్టుకుని బయట తిరిగితే, చేతిలో క్యారీ పర్మిట్ ఉన్నా ఇబ్బందే. ఎర్ర ప్లాస్టిక్ మూతి రౌండ్లు అక్కడ అంత ఎక్కువగా అమ్ముడుపోవడానికి కారణం ఇదే. వాటిని గుంట ఉన్నవిగా లెక్కేయరు. ఇల్లు మారేటప్పుడు గానీ కారులో వేరే రాష్ట్రం మీదుగా వెళ్లేటప్పుడు గానీ అక్కడి లాయర్‌ని అడిగి కదలండి.

ఆఖరిది, క్లాసుల్లో ఎవరూ అడగరు గానీ మనవాళ్లకి నిజంగా అవసరమైనది. రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగ్‌ని ఇండియా ప్రయాణానికి వాడొద్దు. దాని అడుగున, కుట్టు మడతలో, ఒక్క రౌండ్ దొర్లి ఉండిపోతుంది. నాకు తెలిసిన ఒకాయనకి ఇక్కడ విమానం ఎక్కేటప్పుడు కనపడని రౌండ్ తిరుగు ప్రయాణంలో శంషాబాద్ స్కానర్‌లో కనపడింది. ఇండియాలో లైసెన్స్ లేకుండా తూటా ఉంటే ఆర్మ్స్ యాక్ట్ కేసు. తెలియక వచ్చిందని కోర్టులో తేలొచ్చు, తేలేలోపు ఫ్లైట్ పోతుంది, లీవ్ పోతుంది, ఇంట్లో అందరికీ టెన్షన్. ఊళ్లో లైసెన్స్ ఉన్న బాబాయికి ‘అమెరికా తూటాలు’ ఒక పెట్టె పట్టుకెళ్దామన్న ఆలోచన కూడా వద్దు. అక్కడి .32 రివాల్వర్‌కి వేసేది .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్, ఇక్కడ షాపులో ఎక్కువగా దొరికేది .32 ఏసీపీ. రెండూ వేరు, తీసుకెళ్లడం ఎటూ నేరమే.

మీరు ఆ రెండు పెట్టెలూ కాల్చాక ఏదైనా ఇరుక్కుంటే, విడదీయకముందు మూతిని సురక్షితమైన వైపు ఉంచి, వేలు ట్రిగ్గర్ మీద నుంచి తీసి, పక్కనున్న వాళ్లతో ఒక ఫొటో తీయించి ఇక్కడ పెట్టండి. రౌండ్ ముక్కు పైకి లేచి ఆగిందా, వాలుకి గుచ్చుకుని ఆగిందా, ఖాళీ కేస్ స్లైడ్‌లో నిలబడి ఉందా అన్నది కనపడితే చాలు. ఆ సమయంలో కాల్చింది మీరా, మీ భార్యా అన్నది కూడా రాయండి.